ఒడ్డున రాజేసిన నిప్పు

యెరూషలేము సముద్ర మట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున, కొండల మీద ఉంది. పస్కా పండుగ వసంతంలోనే వచ్చినా ఆ ఎత్తులో రాత్రిళ్లు చలి కొరికేస్తుంది. అందుకే ఆ రాత్రి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట నౌకర్లూ బంట్రోతులూ బొగ్గులు రాజేసుకుని చుట్టూ చేరారు. వాళ్ల మధ్య నిలబడి చలి కాచుకుంటున్నాడు గలిలయ నుంచి వచ్చిన ఒక జాలరి. లోపల అతడి గురువును విచారిస్తున్నారు.

ఆ జాలరి సీమోను పేతురు. అతడి కథ తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. కోడి కూసేలోపు యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడని సండే స్కూలు పిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ ఆ బొంకు ఎవరి ముందు బొంకాడో ఆగి చూసేవాళ్లు తక్కువ. మొదట అడిగింది తలుపు దగ్గరి పనిపిల్ల. చివర అడిగినవాడు మల్కు బంధువని యోహాను రాశాడు. కొన్ని గంటల కిందటే గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి చెవి నరికింది ఈ మల్కుకే. సాయుధుల గుంపుకు ఎదురు నిలిచిన మనిషి, ఒక పనిపిల్ల ప్రశ్నకు తడబడిపోయాడు. కత్తి పట్టుకుని గురువు పక్కన నిలబడటం ఒక రకం ధైర్యం. చేతులు కట్టేసి తీసుకుపోతున్న గురువును నా మనిషే అని ఒప్పుకోవడం వేరే ధైర్యం. శిష్యరికానికి కావలసింది ఆ రెండోది. ఆ రాత్రి పేతురు దగ్గర అది లేదు.

పైగా యాస పట్టించేసింది. గలిలయ మాట యెరూషలేములో దాగదని మత్తయి సువార్త చెబుతుంది. శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో పట్నం చేరి, నోరు విప్పగానే ఊరు బయటపడిపోయినవాళ్లకు ఆ క్షణం బాగా అర్థమవుతుంది.

కోడి కూసింది. యేసు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడని లూకా ఒక్కడే రాశాడు. ఆ చూపులో ఏముందో అతడూ రాయలేదు. పేతురు బయటికి వెళ్లి కుమిలి కుమిలి ఏడ్చాడు. యెరూషలేములో సీయోను కొండ తూర్పు వాలున ఆ ఏడుపు జ్ఞాపకంగా ఒక చర్చి ఉంది. దాని పేరులోనే కోడికూత ఉంది, కప్పు మీద కోడి బొమ్మ ఉంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. నాలుగు సువార్తలూ ఈ సంఘటనను చెప్పాయి. అవి రాసేనాటికి సంఘం పేతురును పెద్దగా గౌరవించేది. అలాంటివాడి సిగ్గును ఎవరూ కప్పిపుచ్చలేదు. మార్కు తన సువార్తను పేతురు నోట విన్నవాటితోనే రాశాడని రెండో శతాబ్దపు పాపియాస్ చెప్పిన మాట చరిత్రలో నిలిచింది. అదే నిజమైతే, తన బొంకును ఊరూరా చెప్పుకున్నది పేతురే.

ఇక రెండో నిప్పు. అది గలిలయ సరస్సు ఒడ్డున ఉంది. తిబెరియ సముద్రమన్నా ఇదే. పొడవు 21 కిలోమీటర్లు, సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. 1986లో కరవు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు గిన్నోసార్ దగ్గర బురదలో ఒక పాత పడవ బయటపడింది. అది దాదాపు యేసు కాలం నాటిది. పొడవు 8 మీటర్లకు కాస్త ఎక్కువ. దొరికిన చెక్కనల్లా వాడి అతుకులు వేస్తూ, బాగుచేసుకుంటూ చాలాకాలం నడిపిన పడవ. పేతురు లాంటి జాలరుల బతుకు ఎలాంటిదో ఆ అతుకులే చెబుతాయి.

యేసు పునరుత్థానం తర్వాత పేతురు మళ్లీ చేపల వేటకు వెళ్లాడు. రాత్రంతా వల ఖాళీ. తెల్లవారుతుండగా ఒడ్డు నుంచి ఒక గొంతు కుడివైపు వేయమంది. వల నిండింది. ఆ పిలిచింది ఎవరో తెలియగానే పేతురు పైవస్త్రం చుట్టుకుని నీళ్లలోకి దూకాడు. ఒడ్డు ఇన్నూరు మూరల దూరం. చేరేసరికి అక్కడ బొగ్గుల నిప్పు, దాని మీద చేపలు, రొట్టె.

యోహాను ఈ రెండు చోట్లా ఒకే గ్రీకు మాట వాడాడు. బొగ్గుల నిప్పును చెప్పే ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే కనిపిస్తుంది. మన తెలుగు బైబిల్లో మొదటిది మంట అయింది, రెండోది నిప్పులు అయింది. దాంతో ఆ ముడి తెలుగు పాఠకుడి కంట పడకుండా పోయింది. పేతురు ముక్కుకు మాత్రం ఆ పొగవాసన గుర్తే. మొదటి నిప్పు దగ్గర ఎవరి చలి వాళ్లు కాచుకున్నారు. రెండోది వేరొకరి ఆకలి కోసం ఒకరు రాజేసింది.

తిన్నాక యేసు అడిగాడు. ఎందుకు బొంకావని కాదు, ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు మనసు చివుక్కుమంది. క్షమ అంటే జరిగింది మరిచిపోవడమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఏదీ మరుగున పడలేదు. ఎన్నిసార్లు కాదన్నాడో అన్నిసార్లు ఔననే అవకాశం దొరికింది, ప్రతి జవాబు వెనకా ఒక పని దొరికింది. చేపలు పట్టేవాడికి గొర్రెల బాధ్యత అప్పగించాడు. దైవ కృప అంటే ఇది. తప్పు చేసినవాడిని ఓదార్చి ఇంటికి పంపలేదు, నమ్మి పనిలో పెట్టింది.

గురువును పట్టించిన యూదా ఇస్కరియోతు కూడా పశ్చాత్తాపపడ్డాడు, 30 వెండి నాణేలు దేవాలయంలో విసిరేశాడు. కానీ అతడు ఈ ఒడ్డు దాకా రాలేదు.

ఆ ఉదయంతో పేతురు భయం పూర్తిగా పోయిందనుకోకూడదు. ఏళ్ల తర్వాత అంతియొకయలో, యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరుగా కూర్చున్నాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖలో ఆ సంగతి ఉంది. పంక్తి వేరు చేయడమంటే ఏమిటో తెలుగు నేల మీద ఎవరికీ వివరించనక్కర్లేదు. ప్రభువు బల్ల దగ్గర చేరే మన సంఘాలు ఆ పేజీని మరింత శ్రద్ధగా చదవాలి.

ఈ ఆదివారం యోహాను సువార్త 18వ అధ్యాయాన్నీ 21వ అధ్యాయాన్నీ ఒకే విడతలో చదవండి. మొదటి దానిలో మంట అన్నచోట పెన్సిలుతో బొగ్గుల నిప్పు అని రాసుకుని, తర్వాతి దానికి వెళ్లండి.