ఒకే గదిలో ఐదు తరగతులు

మదనపల్లె దాటి రిషీవ్యాలీ దారిలో బస్సు దిగి, చేల మధ్య బాట పట్టుకుని పోతే వస్తుంది ఆ బడి. రిషీవ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బళ్లలో ఒకటి. ఒకే గది, ఒకే సారు. ఒకటి నుంచి ఐదు దాకా అందరూ అక్కడే. సారు కోసం వెతికితే నేల మీద పిల్లల మధ్య కనిపించారు.

గోడకు నిచ్చెన చార్టు ఉంది. మెట్టు మెట్టుకూ ఒక బొమ్మ, ఒక అంకె. పిల్లలు వచ్చి తమ మెట్టు చూసుకుని, అరలోంచి అదే గుర్తున్న పాఠం కార్డు తెచ్చుకుంటారు. ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ గుర్తే చెబుతుంది. కొత్త సంగతైతే సారు దగ్గర, సాధనైతే తోటివాళ్లతో, వచ్చేసినదైతే ఎవరికి వాళ్లే. గుంపు కట్టేది తరగతిని బట్టి కాదు, చేసే పనిని బట్టి. మెట్ల వరుస చివర పరీక్ష కార్డు. తడబడితే మళ్లీ నేర్పే కార్డు, గట్టెక్కితే అదనపు కార్డు.

వేరుశనగ పనులకు పోయి చాన్నాళ్లకు వచ్చిన పిల్లాడొకడు నేరుగా చార్టు దగ్గరికి పోయాడు. మామూలు బడిలోనైతే పాఠం వాణ్ని వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయేది. "వాడు యాడ నిలిపినాడో ఆడే ఉంటాది సార్ కార్డు" అన్నారు సారు.

1980లలో రమ, పద్మనాభరావు దంపతులు ఇక్కడ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటలో మొదలైన 'నలికలి' బోధన పద్ధతికి ప్రేరణ ఇదే. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లూ ఇదే దారి పట్టాయి. మన ఊరి చదువును పక్క రాష్ట్రాలు కూడా అందిపుచ్చుకున్నాయి!

నాకో అనుమానం మాత్రం పోలేదు. ఎవరి వేగం వాళ్లదంటూ, నిదానంగా నేర్చేవాళ్లను కింది మెట్టు మీదే వదిలేస్తే? అడిగాను. సారు మాట్లాడకుండా తన నోటుబుక్కు తెరిచారు. ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఎన్నాళ్లుగా ఉందో అందులో ఉంది. కాసేపటికి, తీసివేతల దగ్గర ఆగిపోయిన ఒక పాపను పక్కన కూర్చోబెట్టుకుని చింతపిక్కలు పోశారు. చింతపిక్కల సంగతి ఏ కార్డులోనూ లేదు.

కార్డులు అచ్చువేసి పంచడం ఏ ప్రభుత్వానికైనా తేలికే. ఏకోపాధ్యాయ బడికి కార్డుల పెట్టె పంపే అధికారులు, ఆ బడి సారు ఇలాంటి చోట కొన్నాళ్లు కూర్చుని చూసొచ్చేందుకు అనుమతి కాగితం కూడా దాంతోపాటే పంపాలి.