వేలు పడలేదు

మా తడలో రేషన్ షాపుని స్టోరు అంటాం. నెల మొదట్లో అక్కడ క్యూలో నిలబడితే తరచూ చెవిన పడే మాట, "వేలు పడలేదు". 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతిలో కలిపారు గానీ, ఈ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆంధ్రాలో 2015 నుంచి స్టోర్లకి ఈపాస్ మెషీన్లు రావడం మొదలైంది. అప్పట్నుంచీ బియ్యం కోసం ముందు వేలు పెట్టడం అలవాటైంది.

మా పెద్దమ్మ పులికాట్ పక్కన ఏళ్ళ తరబడి రొయ్యలు ఒలిచింది. ఐసులో నానీ నానీ, పెంకులకి గీసుకుపోయీ ఆమె వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. మూడుసార్లు పెట్టినా పడకపోతే వెనకనుంచి ఎవరో ఒకరు నవ్వుతారు, "నువ్వు నువ్వు కాదంట పెద్దమ్మా!"

నాది చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, సూళ్ళూరుపేట లోకల్లో పోయొస్తుంటాను. ఎర్రర్ నంబరు కనిపిస్తే వెతక్కుండా ఉండలేను. ఆధార్ ఎర్రర్ కోడ్‌ల పట్టిక నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. కాకపోతే అది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ కోసం, ఇంగ్లీషులో రాసింది. అందులో 300 అంటే ఇప్పుడిచ్చిన ముద్ర, దాచిన ముద్రతో కలవలేదని. అంతే. ఈ మనిషి ఆ మనిషి కాదని తేల్చినట్టు కాదు. 811 అంటే పోల్చడానికి అక్కడ ముద్రే లేదు. 330 అంటే ఆ ఆధార్ మనిషే బయోమెట్రిక్స్‌కి తాళం వేసుకున్నారు. 562 మీద నాకు కొంచెం మమకారం. మెషీన్ గడియారం సర్వర్ కంటే ముందుకు పరిగెడితే వచ్చేది అది. అంటే సర్వర్ లెక్కలో మనం రేపట్నించి వచ్చి బియ్యం అడుగుతున్నామన్న మాట!

క్యూలోకి వచ్చేసరికి ఇవన్నీ కలిసి "వేలు పడలేదు" అయిపోతాయి. ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. వేలు. గడియారం తప్పు నడిచినా నేరం వేలిదే. వెబ్‌సైట్ల కోడ్‌లు ఈ విషయంలో కాస్త నయం. 4తో మొదలైతే పొరపాటు అడిగినవాళ్ళ వైపు, 5తో మొదలైతే సర్వర్ వైపు అని మొదటి అంకెలోనే చెప్పేస్తాయి.

ఎవరి వైపో తెలిస్తే ఒక రోజు కూలీ మిగులుతుంది. 300 అయితే చెయ్యి కడిగి, తుడుచుకుని, ఇంకో వేలు పెట్టి చూడొచ్చు. 811కి పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టినా దండగే, ఆధార్ సెంటర్‌కి పోయి ముద్రలు మళ్ళీ ఇచ్చి రావాలి. 330కి తాళం తియ్యాలి, రిజిస్టరయిన ఫోన్ చేతిలో ఉండాలి. 562కి మనిషి చెయ్యాల్సిందేం లేదు, మెషీన్ టైము సరిచేస్తే చాలు.

ఈ నాలుగూ ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి పెద్దమ్మ రేషన్ కార్డు కవర్లో పెట్టాను. ఆ నెల వచ్చింది 300. చెయ్యి కడుక్కొచ్చి ఉంగరం వేలు పెడితే పడింది. స్టోరాయన అట్టని తిరగేసి మరగేసి చూసి, ఫోటో తీసుకున్నాడు.

"అబ్బయా, 997 కూడా చేర్చు. ఇద్దరికి వస్తోంది."

ఆ రాత్రి లోకల్లో చూశాను. ఆధార్ నంబరు ప్రస్తుతం చెల్లుబాటులో లేదని. దాన్ని తెలుగులో ఎలా రాయాలో ఆలోచిస్తుంటే గుమ్మిడిపూండి దాటిపోయింది.