సత్వాలో ఒక రాతబల్ల జమాఖర్చు

ఇంట్లో కూర్చుని రాసుకునేవారికి కావలసిన వసతిని సాధారణంగా వస్తువుల పట్టికగా లెక్కిస్తారు: బల్ల, కుర్చీ, దీపం, కంప్యూటరు. దుబాయ్‌లోని సత్వా వంటి పాత పేటలో అద్దెకుంటూ, పగలు ఉద్యోగం చేసి తెల్లవారుజామున రాసుకునే తెలుగువారి విషయంలో ఈ పట్టిక తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ బల్ల కంటే బల్ల పట్టే చోటు ఖరీదైనది, ఆ చోటులో నిలకడగా దొరికే రెండున్నర గంటలు అంతకంటే ఖరీదైనవి. కింది లెక్కలు ఈ వ్యాసకర్త సొంత పద్దుల పుస్తకంలోనివి కనుక ఇతరుల జీతాలకూ కుటుంబాలకూ యథాతథంగా వర్తించకపోవచ్చు గాని, లెక్క కట్టిన పద్ధతి వర్తిస్తుందని వ్యాసకర్త నమ్మకం.

సత్వా షేక్ జాయెద్ రోడ్డుకూ జుమైరాకూ నడుమ ఉన్న పేట. దర్జీ దుకాణాలకు, బట్టల కొట్లకు, కారు సీట్లకూ సోఫాలకూ తొడుగులు కుట్టే షాపులకు పేరుపొందింది. ఒకప్పుడు దియాఫా అని పిలిచిన ప్రధాన వీధికి ఇప్పుడు దేశం ఏర్పడిన రోజైన డిసెంబర్ 2 పేరు పెట్టారు. 2008 ప్రాంతంలో జుమైరా గార్డెన్ సిటీ అనే నిర్మాణ పథకం కోసం ఈ పేటలో కొంత భాగాన్ని కూల్చివేశారు. 2025 జూన్‌లో అనుమతి లేని పార్టిషన్ల మీద, అంటే ఒకే గదిని చెక్క పలకలతో ముక్కలు చేసి విడివిడిగా అద్దెకిచ్చే పద్ధతి మీద, మున్సిపాలిటీ తనిఖీలు పెంచిన ప్రాంతాల్లో సత్వా కూడా ఉంది. ఇల్లు ఎప్పుడైనా మారవలసి రావచ్చునన్న ఎరుక ఇక్కడి అద్దెదారు కొనే ప్రతి వస్తువు వెనుకా ఉండవలసిందే.

వ్యాసకర్త మొదట ఆ ఎరుక లేకుండానే కొన్నారు. పుస్తకాలకూ కాగితాలకూ సొరుగులున్న పెద్ద బల్లను 1,100 దిర్హాములకు కొత్తది తీసుకుని, 14 నెలల తరువాత ఇల్లు మారేటప్పుడు అది కొత్త గది గుమ్మంలో పట్టక 200 దిర్హాములకు అమ్మి, దించి చేరవేసిన కూలీ కింద 150 చెల్లించారు. వాడకం వల్లా కాలం గడవడం వల్లా వస్తువు విలువలో వచ్చే తగ్గుదలను తరుగుదల అంటారు. ఆ బల్ల తరుగుదల 900, కూలీ 150, కలిపి 1,050 దిర్హాములు, అంటే నెలకు 75. తరువాత 180 దిర్హాములకు కొన్న పాత చిన్న బల్ల మూడేళ్లుగా వాడుకలో ఉంది. దాన్ని రేపు ఊరికే ఇచ్చేసినా నెలకు 5 దిర్హాములే అయినట్టు. రెండు బల్లల మీదా రోజుకు రాసిన పుటల సంఖ్యలో తేడా ఏమీ లేదు.

కుర్చీ విషయంలో మాత్రం చవకను వెతకడం పొరపాటు అని వ్యాసకర్త గట్టిగా అంటారు. రెండు గంటలు దాటి కూర్చునేవారి నడుముకు కుర్చీ చేసే మేలు గాని కీడు గాని మరే వస్తువూ చేయదు, ఆ కీడుకు వైద్యం ఖర్చు దిర్హాముల్లోనే చెల్లించవలసి ఉంటుంది. ఏదో ఆఫీసు ఖాళీ చేసినప్పుడు అమ్మకానికి వచ్చిన గట్టి చట్రం కుర్చీని 250 దిర్హాములకు కొని, సత్వాలోనే కారు సీట్లు కుట్టే షాపులో 90 దిర్హాములకు కొత్త నురుగూ కొత్త తొడుగూ వేయించడం ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉత్తమమైన పద్దు. పేట పనితనాన్ని వాడుకోవడమంటే ఇదే. పెద్ద దుకాణంలో అంత గట్టి కుర్చీ కొత్తది ఆ ధరకు దొరకదు.

అయితే కుర్చీకి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు అద్దె చెక్కుల్లో ఉంది. దుబాయ్‌లో ఏడాది అద్దెను ముందు తేదీలు వేసిన కొన్ని చెక్కులుగా యజమానికి ఒకేసారి ఇచ్చే అలవాటు ఉంది. చెక్కులు తగ్గేకొద్దీ యజమానికి డబ్బు ముందుగా అందుతుంది కనుక అద్దె తగ్గించమని అడిగే వీలుంటుంది. ఏడాదికి 42,000 దిర్హాముల స్టూడియోకు నాలుగు చెక్కులకు బదులు రెండే ఇస్తామన్నప్పుడు యజమాని 40,500కు ఒప్పుకున్నారు. దానివల్ల సుమారు 10,000 దిర్హాములు ఒక్కోసారి మూడు నెలలు చొప్పున రెండుసార్లు ముందుగా చేతులు మారాయి, మిగిలింది 1,500. ఆ 10,000 ఆరు నెలలు ఏటా 5 శాతం వడ్డీకి బ్యాంకులో ఉన్నా వచ్చేది 250 మాత్రమే. మిగిలిన 1,500లో బల్ల, కుర్చీ, దీపం, తెర ఎత్తు పెంచే స్టాండు అన్నీ వచ్చాయి. చెక్కులు తగ్గించడానికి మూడు నెలల ఖర్చుకు సరిపడే నిల్వను ముట్టుకోకూడదన్న నియమం ఒకటి ఉంది. 2022 జనవరి నుంచి అమలైన సవరణల తరువాత నిధులు చాలక తిరిగివచ్చిన చెక్కు చాలా సందర్భాల్లో నేరంగా కాక, కోర్టు నేరుగా వసూలు చేయించగల పత్రంగా మారింది కనుక అజాగ్రత్తకు చోటు లేదు.

అద్దెతో పాటు అందులో 5 శాతం గృహ రుసుముగా నెలనెలా కరెంటు, నీటి బిల్లులో కలిసి వస్తుంది. ఈ బిల్లంటే భయపడి వ్యాసకర్త ఒక వేసవంతా ఇంట్లో ఏసీ ఆపి, దగ్గరి కాఫీ షాపులో కూర్చుని రాశారు. కాఫీ 22 దిర్హాములు, నెలకు 22 రోజులు, మొత్తం 484. తరువాత లెక్క వేస్తే తేలిందేమిటంటే, గంటకు యూనిటున్నర తాగే ఏసీ రోజుకు రెండున్నర గంటల చొప్పున నెలకు 112 యూనిట్లు వాడుతుంది, మొదటి 2,000 యూనిట్ల స్లాబులో యూనిటు 23 ఫిల్సు, అంటే 0.23 దిర్హాము, మొత్తం 26 దిర్హాములు. ఇంధన సర్‌ఛార్జీ, 5 శాతం వ్యాట్ కలిపినా సుమారు 35. పొదుపు అనుకున్నది నెలకు 450 దిర్హాముల దుబారా అయింది, ఎండలో నడిచిన అరగంట, పక్క బల్లల మాటలు అదనం. ఒక పనికి వెచ్చించిన కాలంలో చేయగలిగి చేయకుండా వదిలిన మరో పని విలువను అవకాశ వ్యయం అంటారు. ఆ వేసవిలో పూర్తికాని రెండు కథలు ఆ వ్యయమే.

ఇప్పుడు రాత వేళ ఫజ్ర్ నమాజు పిలుపుతో మొదలవుతుంది. అది వేసవిలో నాలుగు గంటల ప్రాంతంలో, శీతకాలంలో ఐదున్నర దాటాక వినిపిస్తుంది. హైదరాబాదు గంటన్నర ముందు నడుస్తుంది కనుక ఆఫీసుకు బయలుదేరేలోపే అక్కడి సంపాదకులకు ఫోను చేయవచ్చు. ఇంటి ఇంటర్నెట్‌కు నెలకు 300 దిర్హాముల పైన అడిగారు, అది తీసుకోలేదు. ఫోను డేటా చాలు, తక్కువ డేటా ఏకాగ్రతను కూడా కాపాడుతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కంప్యూటరులోనే ఉచితంగా వస్తుంది. నేర్చుకోవడానికి పట్టిన మూడు వారాలే దాని ధర. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలను విమానంలో మోసుకురానవసరం లేకుండా ఆంధ్రభారతి వెబ్‌సైటు వెతుకుడు పుటలో చూడవచ్చు.

రాబడి పద్దు చిన్నది, కాని దానికో ప్రత్యేక నియమం అవసరమైంది. తెలుగు పత్రికల పారితోషికం రూపాయల్లో వస్తుంది, సత్వా ఖర్చు దిర్హాముల్లో ఉంటుంది. దిర్హాం 1997 నుంచి డాలరుకు 3.6725గా కట్టుబడి ఉంది, ఆ కాలంలో డాలరుతో పోలిస్తే రూపాయి విలువ బాగా పడిపోయింది. అదే పారితోషికం కాలం గడిచేకొద్దీ తక్కువ దిర్హాములు అవుతుంది. అందువల్ల ఆ సొమ్ము దుబాయ్‌కి రాదు. భారతదేశంలోని రాబడి కోసం ప్రవాసులు తెరిచే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే ఉండి, అక్కడి పుస్తకాలకూ తల్లిదండ్రుల మందులకూ ఖర్చవుతుంది. దుబాయ్ సంస్థలకు రాసి డబ్బు తీసుకోవాలంటే ఫ్రీలాన్స్ అనుమతి కావాలి. మీడియా సిటీ వంటి చోట్ల దాని ఏటి రుసుము 7,500 దిర్హాముల స్థాయిలో ఉంటుంది కనుక, అంతకు కొన్ని రెట్లు పని చేతిలో ఉన్నప్పుడే దాని గురించి ఆలోచించాలని వ్యాసకర్త ఆ దారిని వాయిదా వేశారు.

అద్దె ఒప్పందం మళ్లీ రాయవలసిన నెలలో పుస్తకం చివరి పుటలో ఒక పట్టిక వేసుకోవడం అలవాటైంది: నివాసానుమతి రద్దైతే సామానులో వచ్చేవి ల్యాప్‌టాప్, కీబోర్డు, రాతప్రతులు, ఇక్కడే ఉండిపోయేవి బల్ల, కుర్చీ. కిందటిసారి ఆ రెండింటి పక్కన, తీసుకుంటానన్న పై అంతస్తు కుర్రవాడి గది నంబరు రాసి ఉంది.