అప్‌గ్రేడ్ అయ్యాక మూగబోయింది

అప్‌గ్రేడ్ అంటే మన సాఫ్ట్‌వేర్ జనాలకి పెద్దగా చలనం ఉండదు. రాత్రి రీస్టార్ట్ కొట్టి పడుకుంటాం. స్టార్ట్ బటన్ ఎడమవైపు నుంచి మధ్యకి జరిగిందని ఓ రెండ్రోజులు సణుక్కుంటాం, ఆ తర్వాత మర్చిపోతాం. అదే స్క్రీన్‌ని చూడకుండా కేవలం వింటూ పని చేసుకునేవాళ్ళకి అప్‌గ్రేడ్ అంటే ఏంటో మా పెదనాన్నగారి అబ్బాయి పుణ్యమా అని ఈమధ్య దగ్గర్నుంచి చూశాను.

అన్నయ్యది కాకుమాను. పుట్టుకతోనే చూపు లేదు. హైస్కూల్లో సోషల్ చెప్తాడు. ఎనిమిదేళ్ళుగా లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడుతున్నాడు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. అన్నయ్య దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటాడంటే పక్కన కూర్చున్న మనకి ఒక్క ముక్క అర్థం కాదు. పాఠాల నోట్సు, స్లిప్ టెస్టు పేపర్లు, బ్యాంకు పనులు, అన్నీ తనే చేసుకుంటాడు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా. అందరూ భయపెడితే లాప్‌టాప్‌ని బాపట్లలో ఒక షాపుకి పంపించాడు. షాపబ్బాయి ఫార్మాట్ కొట్టి 11 వేసి, "అన్నీ వేశానండీ, ఆఫీసు, క్రోమ్, వీఎల్‌సీ" అని తిరిగిచ్చాడు. ఆ 'అన్నీ'లో స్క్రీన్ రీడర్ లేదు. పాపం ఆ అబ్బాయికి అలాంటిదొకటి ఉంటుందని కూడా తెలియదు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నిశ్శబ్దం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అసలు ఆన్ అయిందా? పాస్‌వర్డ్ అడుగుతోందా? సౌండ్ పోయిందా? స్క్రీన్ రీడర్ పోయిందా? మనకైతే ఒక్క చూపు చాలు. ఆయన మాత్రం లాప్‌టాప్ పక్కన చెయ్యి పెట్టి ఫ్యాన్ గాలి తగులుతోందో లేదో చూసుకుని, ఆన్‌లోనే ఉందని తేల్చుకుని నాకు ఫోన్ చేశాడు.

విండోస్‌తో పాటే వచ్చే నెరేటర్ ఒకటుంది. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే మొదలవుతుంది. నొక్కించాను. అదీ పలకలేదు. సౌండ్ డ్రైవరే లేకపోతే ఏది మాత్రం ఎలా పలుకుతుంది! కానీ డ్రైవర్ లేదన్న సంగతి స్క్రీన్ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. చివరికి ఎనిమిదో తరగతి చదివే వాళ్ళమ్మాయి బడి నుంచి వచ్చాక, వాట్సాప్ వీడియోలో నాకు స్క్రీన్ చూపిస్తూ డ్రైవర్ వేసింది. ఎన్‌వీడీఏ కూడా తనే దింపింది.

అయిపోయిందనుకున్నాం. మర్నాడు మళ్ళీ ఫోన్. "ఒరేయ్, నా పేపర్లన్నీ పోయాయిరా. ప్రశ్నల నంబర్లు చదువుతోంది గానీ ప్రశ్నలు లేవు."

పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్ళు ఎక్కడికి పోతాయి? అక్కడే ఉన్నాయి. కొత్తగా వేసిన ఎన్‌వీడీఏ విండోస్‌లో ఉన్న ఇంగ్లీషు గొంతుని పట్టుకుంది. దానికి తెలుగు అక్షరం వస్తే నోరు పెగలదు. వన్, టూ, త్రీ అంటుంది, మధ్యలో మౌనం. స్క్రీన్ చూసి "నాన్నా, ఉన్నాయిగా" అని ఒక్క మాట చెప్పడానికి ఇంట్లో అమ్మాయి ఉంది. కానీ అది తన క్లాసు పేపరే! పిల్లని బయటికి పంపి తలుపేసుకుని కూర్చున్నాడు మాష్టారు. అప్పుడు ఫోన్లో ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ నొక్కించి, ఈస్పీక్ ఎంచుకుని, అందులో తెలుగు గొంతు పెట్టించాను. ఆ గొంతు మరబొమ్మ మాట్లాడినట్టుంటుంది, అయినా ప్రశ్నలు వినపడ్డాయి.

"కంప్యూటర్ పాడైనందుకు కాదురా బాధ. పాస్‌వర్డ్ షాపువాడికి చెప్పాను, చిన్నపిల్ల చేత స్క్రీన్ చదివించుకున్నాను. ఎనిమిదేళ్ళనాడు మానేసిన పనులు ఇవి" అన్నాడు.

గొంతు వచ్చినా పాత వేగం వెంటనే రాలేదు. మనకి మెనూ ఒక బొమ్మ, ఆయనకి ఒక వరస. రెండుసార్లు కింది బాణం, ఒక అక్షరం, ఎంటర్. ఆ వరస వేళ్ళకి ఎక్కి ఉంటుంది. ఇది అన్నయ్య ఒక్కడి చాదస్తం అనుకోకండి. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు ఫైల్ మీద కుడి క్లిక్ మెనూని కుదించి అందంగా చేశారు. పాత మెనూలో ఒక్కో పనికి ఒక్కో అక్షరం నొక్కితే సరిపోయేది. కొత్త మెనూకి ఆ అక్షరాలు 2023లో గానీ రాలేదు. రెండేళ్ళు! మౌస్ పట్టుకునేవాళ్ళలో ఎంతమంది గమనించి ఉంటారు?

ఇంతకీ స్క్రీన్ రీడర్ స్క్రీన్‌ని చూడదు. ప్రతి బటన్‌కీ పేరేంటి, రకమేంటి, నొక్కి ఉందా లేదా అని ప్రోగ్రామ్ చెప్పుకునే వివరాలని అది చదువుతుంది. మనం బటన్ మీద చక్కటి ఐకాన్ పెట్టి పేరు పెట్టకపోతే అది "బటన్" అని ఊరుకుంటుంది. అలాంటివి వరసగా అయిదుంటే "బటన్, బటన్, బటన్..." ఏది సబ్మిట్టో, ఏది డిలీటో దేవుడికే ఎరుక. పేరు పెట్టడానికి పట్టేది ఒక్క లైను కోడ్. ఆ ఒక్క లైను టికెట్టు ఎన్ని స్ప్రింట్లు వెనక్కి జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. క్లయింట్ అమెరికా వాడై, దావా భయం ఉంటే మాత్రం రాత్రికి రాత్రే అయిపోతుంది.

మన దగ్గర చట్టం లేదా అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులూ, చూపులేని ఒక లాయరూ బ్యాంకుల కేవైసీ గురించి వేసిన కేసులవి. కన్నార్పి ఫోటో దిగమంటే కన్నే లేనివాళ్ళు ఏం చేస్తారు? అది అడగడానికి ఢిల్లీ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ స్క్రీన్‌ని డిజైన్ చేసిన గదిలో ఒక్కరికి తట్టి ఉంటే సరిపోయేది.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఇలాంటివాళ్ళుంటే, మెషీన్ షాపుకి పంపేముందు ఎన్‌వీడీఏలోనే పోర్టబుల్ కాపీ చేసుకునే వీలుంది, వాళ్ళ సెట్టింగులతో సహా. పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ యాక్సెస్ కూడా అందులోనే వస్తోంది. అటువైపు కంప్యూటర్ పలికేది ఇటువైపు మనకి వినిపిస్తుంది, కీబోర్డు ఇక్కణ్ణుంచే నొక్కొచ్చు. మొన్న హైదరాబాదు నుంచి అలాగే కలిపాను. పది నిమిషాల తర్వాత అన్నయ్య, "నీ చెయ్యి చాలా నెమ్మదిరా, వదిలెయ్, నేను చేసుకుంటా" అని కనెక్షన్ తీసేశాడు.