కంటికి కనబడని పొరతో జాగ్రత్త!

గోడకి మేకు కొట్టేముందు మనం ఏం చేస్తాం? లోపల కరెంటు వైరు పోతోందేమోనని ఒక్క క్షణం ఆగుతాం. కనబడనంత మాత్రాన వైరు లేదని కాదు కదండీ! ఇక్కడ జీడిమెట్ల పారిశ్రామికవాడలో నేను చేసే ఉద్యోగంలో కూడా రోజూ గుర్తు పెట్టుకోవలసిన మాట ఇదే.

నా పని కంప్యూటర్లో సర్క్యూట్ బోర్డులు గీయడం. మెకానిక్ ఇన్వర్టర్ విప్పినప్పుడు లోపల ఆకుపచ్చ పలక చూసే ఉంటారు. దాని మీది రాగి గీతలే వైర్ల పని చేస్తాయి. పైన పచ్చ పూత, ఆపైన తెల్ల అక్షరాలు. కొన్ని బోర్డుల్లో లోపల కూడా రాగి పొరలుంటాయి. ఒక్కో పొరనీ విడిగా గీస్తాం, ముగ్గుల కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. అన్నీ ఒకేసారి చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. అందుకని కొన్నిటిని దాచి పని చేసుకుంటాం.

చిక్కంతా అక్కడే. దాచడం వేరు, తాళం వేయడం వేరు. పొరల్ని కలిపే చిన్న రంధ్రాన్ని 'వయా' అంటారు. పై పొర చూస్తూ దాన్ని జరిపితే, దాచిన పొరల్లో కూడా అది జరిగిపోతుంది!

నాకు తెలిసిన ఒక యూనిట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఇలాగే ఒక వయాను జరిపింది. లోపలి పొరలో గీత విడిపోయింది. తనిఖీ చేయకుండానే ఫైళ్ళు తయారీకి వెళ్ళాయి. వచ్చిన బోర్డుల్లో ఒక్కటీ పనిచేయలేదు. చివరికి కోత పడింది ఆ పిల్ల జీతంలో! నేర్పాల్సిన పెద్దల్ని అడిగినవారు లేరు.

మరి ఏం చేయాలి? 1992లో మొదలైన కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంగతే తీసుకోండి.

• పని పూర్తయిన భాగాన్ని ఎంచుకుని 'ఎల్' అక్షరం నొక్కితే తాళం పడుతుంది.

• సెలెక్షన్ ఫిల్టర్‌లో 'లాక్డ్ ఐటమ్స్', 'వయాస్' దగ్గర టిక్కు తీసేస్తే, పొరపాటున క్లిక్ చేసినా అవి చేతికి చిక్కవు.

• గుంపుగా ఏదైనా జరిపేముందు దాచిన పొరలన్నీ ఒకసారి తెరిచి చూడండి.

• మార్పు చేసిన ప్రతిసారీ డీఆర్‌సీ తనిఖీ నడపండి. తెగిన గీతల్ని అదే పట్టిస్తుంది.

• తయారీకి పంపే గెర్బర్ ఫైళ్ళని వ్యూయర్‌లో పొర పొరగా చూడండి.

• పచ్చడి జాడీకి తేదీ అంటించినట్టు, ఏ రోజు ఫైలు ఆ రోజు తేదీతో విడిగా దాచండి.

మీ ఇంట్లో డిప్లొమా చదివే అమ్మాయి ఉంటే ఈ పని గురించి చెప్పండి. మా పక్కనే బాలానగర్‌లో, 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో క్యాడ్ కోర్సులున్నాయి. ఓపిక, నిదానం, కంటి నేర్పు కావాల్సిన పని ఇది. అవి మన ఆడపిల్లలకి తక్కువేం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే "తాళం వేయడం ఎలాగో చూపించండి" అని అడగమనండి. అడగడంలో సిగ్గెందుకు?