కరెంటు పెట్టిన తర్వాత

మాది మౌలాలి. గుట్ట కింద మాదిగవాడ. మా నాయిన నాచారం ఫ్యాక్టరీల్లో హమాలీ. మెదడులో గడ్డ ఉందని తేలితే ఆరోగ్యశ్రీ కార్డు మీదే ఆపరేషన్ అయింది. 2007లో ఆ పథకం రాకపోతే మాకు ఆ దవాఖాన గడప కూడా దొరికేది కాదు. తర్వాత ఆరు వారాల్లో 30 సార్లు కరెంటు పెట్టిన్రు. రేడియేషన్‌ను మావాళ్లు కరెంటు అనే అంటరు.

ఏడాది దాటినంక నాయిన కుడిచెయ్యి పట్టు తప్పింది. పొద్దున లేస్తే తలనొప్పి. మాట తడబడేది. ఎంఆర్‌ఐ తీయించినం. పెద్ద డాక్టరు ఫిల్మ్ చూసి పక్కవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడిండు. మాతో అన్నది ఒకటే: "మళ్లొచ్చింది. ఇంటికి తీస్కపోండి." నేనేం చదివిన్నో అడగలేదు. మీరేం పని చేస్తరని అడిగిండు.

వాడలో అందరూ చావుకు సిద్ధపడమన్నరు. నర్సు చదివిన మా వాడ అక్క మాత్రం ఊకోలేదు. "అది గడ్డే కానక్కర లేదు తమ్మీ. కరెంటు పెట్టిన కాడ కండ చచ్చిపోయినా ఫిల్మ్‌ల అట్లనే కనవడ్తది" అన్నది.

దాన్నే రేడియేషన్ నెక్రోసిస్ అంటరు. కరెంటుకు సన్నని రక్తనాళాలు దెబ్బతిని, చుట్టూ వాపొస్తది. కొన్ని నెలలకు రావచ్చు, ఏండ్ల తర్వాతా రావచ్చు. మామూలు ఎంఆర్‌ఐలో రెండూ ఒక్క తీరుగనే మెరుస్తయి. పర్ఫ్యూజన్ పరీక్ష చేస్తే గడ్డలో రక్తం ఎక్కువ పారుతది, చచ్చిన కండలో తక్కువ. అట్లనూ తేలకపోతే ముక్క తీసి చూడాలె.

వేరేచోట ఆ పరీక్ష చేయించినం. రక్తం తక్కువే ఉంది. డెక్సామెథసోన్ ఇచ్చిన్రు. వాపు దిగింది. షుగర్ పెరిగింది, తొడలు నీరసించినయి. చెయ్యి సగమే వచ్చింది. అయినా నాయిన తన చేత్తో అన్నం తిన్నడు, ఇంకో రెండేండ్లు మాతో ఉన్నడు.

ఆ మందుకు లొంగకపోతే బెవాసిజుమాబ్ ఉంది. 2011లో అచ్చయిన హ్యూస్టన్ అధ్యయనంలో ఉన్నది 14 మందే. మందు పడ్డవాళ్లందరికీ వాపు తగ్గింది, ఉత్త సెలైన్ పడ్డవాళ్లకు తగ్గలేదు. కానీ సూదిమందు ఖరీదు కూలోనికి అందేది కాదు.

రెండూ ఒక్క తీరుగ కనబడటం డాక్టరు తప్పు కాదు. రెండో మాట ఉందని మాకు చెప్పకపోవడమే తప్పు. హమాలీ కొడుక్కు చెప్పేదేందనుకున్నడు.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, మనోళ్లతో దవాఖానకు పోండి. ఫిల్మ్‌లు, కరెంటు ఎక్కడ ఎంత పెట్టిన్రో రాసిన కాయితం అడిగి తీసుకోండి. "మళ్లొచ్చింది" అంటే, "గడ్డనా, చచ్చిన కండనా? ఎట్ల తేల్చిన్రు?" అని తెలుగులోనే అడగండి. జవాబు చెప్పేదాక అక్కడ్నే నిలబడండి.