రెండు పెట్టెల కాపురం

ఫిజీ దీవుల రాజధాని సూవాలో గొడుగు లేనిదే గడప దాటకూడదు. ఏడాదికి ఇంచుమించు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మరి! మా మరిదికి అక్కడ ఉద్యోగం. తోటికోడలికి తల్లి లేదు. అందుకని పురిటికి సాయంగా వెళ్ళి మూడు నెలలున్నాను.

పరాయి దేశమే కానీ మరీ కొత్తగా అనిపించదు. 1879 నుంచి 1916 వరకూ చెరకు తోటల్లో కూలిపనికి మనవాళ్ళని ఓడల్లో అక్కడికి తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు మీదుగా తెలుగువాళ్ళూ వెళ్ళారు. అందుకే అక్కడ రొట్టె, పప్పు, కూర ఎక్కడైనా దొరుకుతాయి. ఫిజీ వాళ్ళు ఎదురుపడితే నవ్వుతూ "బులా" అని పలకరిస్తారు.

మా కింది వాటాలో అమెరికా దంపతులుండేవారు. ఊరు యూటా రాష్ట్రంలో. ఆయనకి 68, ఆవిడకి 66. లోకం మార్మన్లు అని పిలిచే చర్చి తరఫున 18 నెలల సేవకి వచ్చారు. వీళ్ళకి జీతమేమైనా ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వరట! అద్దె, తిండి, ఖర్చులు అన్నీ సొంత డబ్బే. ఆయన పింఛనులోంచి ఏళ్ళ తరబడి కూడబెట్టారట.

ఇంతకీ వాళ్ళు చేసే పనేమిటంటారా? ఇల్లిల్లూ తిరిగి బోధించడం కాదు. ఆ పని కుర్ర మిషనరీలది. మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర చొప్పున ఇల్లు వదిలి వస్తారు. ఆ పిల్లలుండే అద్దె ఇళ్ళు, వాళ్ళ కార్ల మరమ్మతులు ఈయన చూసుకునేవారు. ఆవిడ ఆఫీసులో కాగితాలు, లెక్కలు చూసేది. ఇళ్ళ తనిఖీకి మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. గ్యాసు పొయ్యి తుడిచారా, మంచినీళ్ళు కాచుకుంటున్నారా, దుప్పట్లు ఉతికారా అని చూడటం ఆవిడ వంతు. ఒక్కో పిల్లాడి చొక్కా గుండీ ఊడి ఉంటే అక్కడే కూర్చుని కుట్టేసి వచ్చేదట.

తెల్లవారుజామునే లేచి ఇద్దరూ గ్రంథం చదువుకుని ప్రార్థన చేసుకునేవారు. టీ, కాఫీ ముట్టరు. అది వాళ్ళ నియమం. నేను మొదటిరోజు కాఫీ ఇవ్వబోతే "పాలు చాలమ్మా" అంది. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. ఆ మిగిలిన డబ్బు బీదవాళ్ళకి ఇస్తారు. మన శనివారాలూ ఏకాదశులూ గుర్తుకొచ్చాయి నాకు.

సూవాలో సముద్రం కనబడే గుట్ట మీద వాళ్ళ ఆలయం ఉంది. 2000 జూన్‌లో ప్రతిష్ఠించారు. తర్వాత బాగుచేసి, 2016 ఫిబ్రవరి 21న మళ్ళీ ప్రతిష్ఠ చేశారు. దానికి సరిగ్గా ముందురోజే విన్‌స్టన్ తుఫాను వచ్చి ఫిజీలో 44 మందిని పొట్టన పెట్టుకుంది! వారంలో ఒక సాయంత్రం ఈ దంపతులు ఆ ఆలయంలో సేవ చేసేవారు. లోపలికి వాళ్ళ మతస్థులనే, అదీ అనుమతి ఉన్నవాళ్ళనే రానిస్తారు. నేను బయటి తోట చూసి వచ్చాను.

శనివారం మాత్రం ఇద్దరం కలిసి మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ తూకం తక్కువ. కుప్పలు పోసి కుప్పకింత అంటారు. చామదుంపలు, కర్రపెండలం, అరటి గెలలు, కట్టలకొద్దీ చామాకు! చామాకుని వాళ్ళు రౌరౌ అంటారు, కొబ్బరిపాలలో వండుతారు. బాగా ఉడకకపోతే గొంతు దురద. చింతపండు పులుసులో ఉడికిస్తే ఆ దురద ఉండదని ఆవిడకి మన చామాకు పులుసు నేర్పాను. బెల్లం ముక్క వేసి, ఇంగువ పోపు పెడితే ఆయన రెండోసారి వడ్డించుకున్నారు.

సోమవారం పొద్దున్న ఏడింటికి వాళ్ళు ఇంటికి ఫోను చేసేవారు. అప్పుడు యూటాలో ఇంకా ఆదివారం మధ్యాహ్నమేనట! అలా ఒక సోమవారం చిన్నకూతురికి పాప పుట్టిందని తెలిసింది. ఫోనులో పాపని చూస్తూ ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

నేను ఊరుకోలేక అడిగేశాను. "పురిటికి వెళ్ళలేదని అమ్మాయి బాధపడలేదా?"

"పడింది. నేనూ పడ్డాను. ఆరోజంతా వంట చెయ్యలేదు" అంది. "కానీ నా బిడ్డకి అక్కడ భర్త ఉన్నాడు, అత్తగారుంది. ఇక్కడి పిల్లలకి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేది ఎవరు?"

నాకు అది పూర్తిగా మింగుడుపడలేదు. మనవైపు పెద్దవాళ్ళు విమానమెక్కేదే మనవల కోసం. నేనైతే నా కూతురి పురిటికి ఎంత దూరమైనా వెళతాను. అయితే ఆవిడ బాధ పడలేదనీ అనలేను, బాధ్యత తప్పిందనీ అనలేను. నలభై ఏళ్ళు పిల్లల కోసం వండిన మనిషి, అరవై దాటాక భర్తతో సమానంగా పనికి బయల్దేరడం కూడా చూశాను. సాయంత్రం గిన్నెలు ఆయనే కడిగేవారు.

గడువు ముగిసి వెళ్ళేటప్పుడు తలా ఒక పెట్టె. వచ్చింది వాటితోనే, వెళ్ళిందీ వాటితోనే. కుక్కరు, గొడుగులు, దోమతెర తర్వాత వచ్చే జంటకి వదిలేశారు. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఏ కుళాయి కారుతుందో, ఏ పిల్లాడికి వేరుశనగ పడదో, మార్కెట్లో ఎవరి దగ్గర చామాకు లేతగా ఉంటుందో అన్నీ రాసింది. అడుగున మన చామాకు పులుసు కూడా!